తీతువూ గుడ్డపొదా

తెల్లవారింది. గాలి లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

అనగనగా అలాంటి ఒక ఎండాకాలం పొద్దున, ఒక అడవిలో, తీతువు పిట్ట తన నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని నీళ్ళకు బయలుదేరింది. వాగు ఎప్పుడో ఎండిపోయింది. అందరికీ మిగిలింది ఒక్క మడుగు.

మడుగు ఒడ్డున ఇద్దరు మనుషులు కనిపించారు. తీతువు ఆగింది. పిల్లలూ ఆగారు.

మనుషులు ఒక సంచిలోంచి గుడ్డచుట్ట తీసి విదిలించారు. అది గొడుగులా విచ్చుకుని పొదలా నిలబడింది. గుడ్డనిండా ఆకుల బొమ్మలు. ముందువైపు ఒక కన్నం. వెనకవైపు తలుపులా వేలాడే గుడ్డముక్క. ఇద్దరూ లోపలికి దూరారు. కాసేపటికి ఒకడు బయటికొచ్చి, అడవంతా వినేలా దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్క పొదలో దాక్కున్న కముజు పిట్ట తన పిల్లలను బయటికి పిలిచింది. మనుషులు పోయారు, ఇక నీళ్ళు తాగొచ్చు అంది.

తీతువు అడ్డం నిలబడింది. "ఇద్దరు వెళ్ళారు చెల్లీ. ఒకడే వచ్చాడు."

కముజుకు లెక్క రాదు. దానికి పిల్లలంటే ఒక గుంపు. గుంపు కదులుతుంటే అందరూ ఉన్నట్టే. తీతువు అలా కాదు. నలుగురూ ఉన్నారా అని చూసుకోనిదే కన్ను మూయదు. కముజు పిల్లలు ఎదురైతే వాళ్ళనూ లెక్కపెడుతుంది. ఆరుగురు.

అప్పుడే మడుగుకు వస్తున్న ఒక నెమలి తీతువు మాట విని నవ్వాడు. తీతువమ్మ లెక్కల పంతులమ్మ అయిందని వెక్కిరించాడు. నేరుగా మడుగు దగ్గరికి వెళ్ళి తాగాడు. గుడ్డపొద కన్నంలోంచి ఒక గాజుకన్ను బయటికి వచ్చింది. టిక్కుమంది. అంతే. ఇంకేమీ కాలేదు.

"చూశారుగా," అన్నాడు నెమలి, ఈకలు సర్దుకుంటూ. "లోపల మనిషి ఉన్నాడు, నిజమే. ఉంటే ఏం? నా బొమ్మ తీసుకున్నాడు. ఆ గుడ్డపొదలోంచి టిక్కుమనే చప్పుడు తప్ప ఇంకేమీ రాదు."

ఆ మాట కముజు విన్నది. దూరాన బండ చాటున పడుకున్న అడవిపిల్లి కూడా విన్నది.

మర్నాడూ అంతే. ఇద్దరు వెళ్ళారు, ఒకడు దగ్గుతూ బయటికొచ్చాడు, గాజుకన్ను టిక్కుమంది. కముజు పిల్లలు గుడ్డపొద నీడలోనే ఆడుకున్నారు. తీతువు మాత్రం ఆకాశంలో తిరుగుతూ అరిచింది. అరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు తలెత్తి చూశారు. ఏమీ కాకపోయేసరికి సాయంత్రానికి అందరూ తలెత్తడం మానేశారు. తీతువు పిల్లలకు మాత్రం లోపలున్న మనిషి భోజనానికి బయటికెళ్ళినప్పుడే నీళ్ళు దొరికాయి, అవీ రెండు గుక్కలు.

"అమ్మా, నీకు అన్నీ అనుమానమే," అంది చిన్నది. తీతువు నలుగురినీ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇద్దరు మనుషులూ కలిసి వెళ్ళిపోయారు. గుడ్డపొద అక్కడే ఉంచి, వెనక గుడ్డముక్క కిందిదాకా మూసి వెళ్ళారు. తీతువు చూసింది. లోపలికి వెళ్ళినవాళ్ళు ఇద్దరు, బయటికి వచ్చినవాళ్ళూ ఇద్దరే.

మూడోరోజు పొద్దున ఎండ ఇంకా గట్టిగా కాసింది. మనుషులు ఇంకా రాలేదు.

"ఇవాళ నీ లెక్క ప్రకారం కూడా ఖాళీయేగా," అన్నాడు నెమలి. ఖాళీయేనని తీతువు ఒప్పుకుంది. దాని పిల్లలు దాహంతో ముందుకు ఉరికారు. తనూ నాలుగు అడుగులు వేసింది.

వేసి ఆగిపోయింది. వెనకవైపు గుడ్డముక్క కింద కొంచెం లేచి ఉంది. నిన్న మూసి ఉంది. గాలి లేదు. అయినా గుడ్డపొద పక్క ఉబ్బుతోంది, తగ్గుతోంది. మళ్ళీ ఉబ్బుతోంది.

మెలకువగా ఉన్నప్పుడు వచ్చినవాళ్ళను లెక్కపెట్టాను, అనుకుంది తీతువు. నిద్రపోయాక వచ్చినవాళ్ళను ఎవరు లెక్కపెట్టారు?

"చెల్లీ, కాసేపు ఆగు. పైనుంచి ఒకసారి చూసొస్తాను."

"పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి అక్కా," అంది కముజు. "నీ అనుమానం తీరేసరికి మడుగే ఇంకిపోయేలా ఉంది." నెమలి నవ్వాడు. కముజు నవ్వుతూనే పిల్లలను తోలుకుని వెళ్ళింది.

తీతువుకు ఇక వాదించే తీరిక లేదు. గొంతు తగ్గించి తన పిల్లలను పిలిచింది. నలుగురూ గులకరాళ్ళ మధ్య రాళ్ళలా నక్కారు. తను ఎగిరి గుడ్డపొద వెనక్కి వెళ్ళి చూసింది. లేచిన గుడ్డ కింద నల్లచారల తోక కొస కదిలింది.

తీతువు అరిచింది. గొంతు చిరిగిపోయేలా అరిచింది.

మళ్ళీ మొదలుపెట్టిందమ్మా, అంటున్నాడు నెమలి. ఆ మాట పూర్తికాలేదు. అడవిపిల్లి గుడ్డపొదలోంచి దూకింది. దుమ్ము లేచింది. ఈకలు లేచాయి. ఎవరు ఎటు పరుగెత్తారో తెలియలేదు. పిల్లి ఇంకోసారి పంజా ఎత్తేసరికి తీతువు దాని కళ్ళ మీదికి వచ్చి పడింది. రెక్కలతో కొట్టింది. పిల్లి తల విదిలించింది. తీతువు మళ్ళీ కొట్టింది. చివరికి పిల్లి ఆ దుమ్ములోనే పొదల్లోకి వెళ్ళిపోయింది. దాని నోట ఏమైనా ఉందో లేదో ఎవరికీ కనిపించలేదు.

దుమ్ము అణిగింది. తర్వాత కముజు పిలిచింది. గడ్డిలోంచి ఒక పిల్ల వచ్చింది. రాయి వెనకనుంచి ఇంకొకటి. అలా ఒక్కొక్కరే వచ్చి తల్లి రెక్కల కింద దూరారు.

"నువ్వు చూడు అక్కా. అందరూ వచ్చారా?" అని అడిగింది కముజు.

తీతువు రాళ్ళ వైపు చూసింది. తన పిల్లలు నలుగురూ ఉన్నారు. నెమలి ఉన్నాడు. తోకలో సగం లేదు. కముజు ఉంది. కముజు రెక్కల కింద ఐదుగురు. ఈ పక్కనుంచి మళ్ళీ లెక్కపెట్టింది. ఐదుగురే.

"అక్కా, అందరూ ఉన్నారు కదా?"

తీతువు దగ్గరికి జరిగి, రెక్కకు రెక్క ఆనేలా కూర్చుంది.

"నా వాళ్ళు నలుగురు. నీ వాళ్ళు ఐదుగురు," అంది. "ఒకరు రాలేదు చెల్లీ."

నీతి: నిన్న ఏమీ కాలేదని ఇవాళ చూసుకోవడం మానకూడదు. ఆగమని చెప్పినవారిని చూసి నవ్వేముందు, ఒక్క క్షణం ఆగాలి.