మనిషి చోటు

ఈ మధ్య నాకు ముందు జరిగినవి వెనకా, వెనక జరిగినవి ముందూ గుర్తొస్తున్నాయి. అందుకని మొదటే చెప్పేస్తున్నాను. ఆచారిగారు ఈ సంగతి ఏ వరసలో చెప్పారో ఆ వరసలోనే రాస్తున్నానని ఒట్టేసి చెప్పలేను. రెండు మూడు మాటలు మాత్రం ఆయన అన్నవి అన్నట్టే ఉన్నాయి. అవి కూడా పోకముందే కాగితం మీద పెడుతున్నాను; సాపు చేసే పని మా హైమది.

బ్రహ్మలింగాచారిగారు సామర్లకోటలో మా అన్నయ్య ఫోటో స్టూడియోకి తెరలు వేసేవారు. ఫోటో దిగేవాళ్ళ వెనక వేలాడదీసే పెద్ద గుడ్డ తెరలు. గాడా అనే ముతక గుడ్డకి జిగురూ సుద్దా పట్టించి, ఆరాక పొడి రంగులు కలిపి వేసేవారు. ఆయన రాజమండ్రి అవతలికి ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా మా ఊరివాళ్ళు ఆయన తెరల ముందు నిలబడి లోకమంతా తిరిగొచ్చారు. జోధ్‌పూర్‌లో నీలం ఇళ్ళు, హాలండులో తులిప్ పూల మళ్ళు, ఆస్ట్రేలియాలో గులాబీ రంగు నీళ్ళుండే హిల్లియర్ సరస్సు, అమెరికాలో ఎర్రరాతి లోయ. అన్నీ కేలండర్లు చూసి వేసినవే. నేను అదే స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకి రంగులద్దేదాన్ని. ఆ పని పోయాక ఫోటోలు కవర్లలో పెట్టేదాన్ని. అలా పక్కనే కూచుని విన్నదే ఇది.

అప్పటికి ఫ్లెక్సీలు వచ్చేశాయి. తెరల పని పూర్తిగా ఆగిపోయింది. ఆచారిగారి దగ్గర పాతికేళ్ళు రంగులు కలిపిన శిష్యుడు లోవరాజు ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. అతని బావమరిది యాత్రలకి మనుషుల్ని తీసుకెళ్ళే కంపెనీలో వంటవాడు. ఒక్కసారి తనతో తీసుకెళ్తానన్నాడట. ఏ ఊరో ఎంచుకోమన్నాడట.

"గురువుగారూ, మనం వేసిన ఊళ్ళలో ఒక్కటి చూసి వస్తాను. అన్నిటికంటే చూడదగ్గది ఏదో మీరే చెప్పండి" అన్నాడు.

ఆచారిగారికి ఏదడిగినా సూటిగా చెప్పే అలవాటు లేదు. "కూచోరా" అన్నారు. టీ తెప్పించారు. అది సగం చల్లారాక ఈ సంగతి మొదలుపెట్టారు.

గూడ్సు బండి గార్డు సన్యాసిరావుగారని స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. ఆయన భార్యకి జబ్బు చేసింది. కాకినాడ పెద్దాసుపత్రిలో ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆవిడ మంచం పక్కన ఎవరో ఓడలో పనిచేసే చుట్టం ఇచ్చిన కేలండరు ఉండేది. సంవత్సరం అయిపోయినా అందులో ఒక కాగితాన్ని ఆవిడ తిప్పనిచ్చేది కాదు. ఇటలీలో బురానో అనే లంక ఊరు. కాలవకి అటూ ఇటూ ఇళ్ళు, ఏ ఇంటి రంగు దానిదే. చేపలకి వెళ్ళినవాళ్ళు పొగమంచులో కూడా ఎవరి ఇల్లు వాళ్ళు ఆనవాలు పట్టాలని అలా వేసుకున్నారని చెప్పుకుంటారట. ఆవిడకి నచ్చింది అదే. రైల్వే క్వార్టర్లన్నీ ఒకటే పసుపు. కొత్తకాపురంలో సన్యాసిరావుగారు డ్యూటీ దిగి వచ్చి పక్కింటి తలుపు కొట్టి, "ఏమే, వేణ్ణీళ్ళు పెట్టావా?" అని కేకేశారట. ఆ పక్కింటావిడ చచ్చేదాకా ఆయన్ని "వేణ్ణీళ్ళ బావగారు" అనే పిలిచింది.

"తీసుకెళ్ళలేను ఆచారిగారూ. ఆవిడ కూచోలేదు కూడా. ఆ వీధినే మా గోడ మీదికి తెచ్చిపెట్టగలరా?" అని అడిగారు సన్యాసిరావుగారు.

ఆచారిగారు ఐదు రోజులు కూచుని వేశారు. ఏ తెరకీ అంత మనసు పెట్టలేదని ఆయనే అన్నారు. కిటికీల పరదాలు, అరుగుల మీద పూలకుండీలు, నీళ్ళలో ఇళ్ళ నీడలు, ఏదీ వదల్లేదు. తీసుకెళ్ళి మంచానికి ఎదురుగోడకి కట్టారు. ఆవిడ తలకింద రెండు దిళ్ళు పెట్టించుకుని చాలాసేపు చూసింది.

"నా మొగుడు పాతికేళ్ళు బండి మీద తిరిగి నన్ను తుని దాటించలేదు. మీరు ఐదు రోజుల్లో ఇటలీ చేర్చేశారు" అంది. సన్యాసిరావుగారు నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో అన్నట్టు పనిమనిషి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"మూడోది పనసతొన రంగు. దాని పక్కది మా అత్తగారి పట్టుచీర రంగు. ఆ కొసనున్నది చూడండి, పెసరపిండి రంగు! అందులో ఎవరు కాపురం చేస్తారండీ?"

"మనమే చేద్దాంలే. నేను తలుపు మర్చిపోను."

అలా ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చి ఆవిడ చూపు మధ్యలో ఆగింది. "ఆచారిగారూ, అక్కడేమిటి ఏమీ వేయలేదు?"

ఆచారిగారు తన పనిని తాను అప్పుడు చూసుకున్నారు. ఫోటో తెర వేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. తెర మధ్యలో నిలువెత్తున ఏ గీతా, ఏ ముదురు రంగూ ఉండకూడదు. ఉంటే ఫోటోలో అది మనిషి నెత్తిలోంచి మొలిచినట్టు కనబడుతుంది. అందుకని అక్కడ పాలమీగడలాంటి పలచటి పూత పూసి వదిలేస్తారు. దాన్ని మనిషి చోటు అంటారు. ఈ తెర ఫోటోకి కాదు, చూడటానికి. అయినా ముప్ఫై ఏళ్ళ చేయి దాని అలవాటున అది వదిలేసింది. ఆయనకి తెలియనే లేదు.

పొగమంచు అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందట. కానీ ఆవిడ చూస్తున్న చూపుకి ఆయన అబద్ధం ఆడలేకపోయారు.

"అది మనిషి చోటమ్మా. నిలబడేవాళ్ళ కోసం వదులుతాం" అన్నారు.

 "అయితే అది నాదే" అంది ఆవిడ. "నన్ను నిలబెట్టండి."

వద్దన్నారు. డాక్టరు పేరు చెప్పారు. ఆవిడ వినలేదు. "ఇంకోసారి అడగనండీ" అంది భర్తతో. ఆ మాటకి ఆయన లేచారు. ఒకవైపు ఆయన, ఒకవైపు ఆచారిగారు పట్టుకుని ఆవిడని మంచం దింపారు. తడిబట్టంత బరువు కూడా లేదట. నాలుగడుగులకి మూడుసార్లు ఆగి, తెర ముందుకి తీసుకెళ్ళి, మధ్యలో, సరిగ్గా ఆ చోట నిలబెట్టారు. పొడి రంగు కదా, చీరకి అంటుతుందేమోనని కాదట, తెర పాడవుతుందని ఆవిడే తన వీపు ఆననివ్వలేదు.

ఆవిడ తల పైకెత్తింది. పమిట సర్దుకుంది. ఎదురుగా చూసింది.

"ఏవండీ, వీధేదీ?"

"నీ వెనకే ఉందే."

"వెనకుంటే నాకెలా కనబడుతుంది?" ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయిందని ఆచారిగారన్నారు. "ఇక్కణ్ణుంచి నా మంచమే కనబడుతోందండీ. ఎంత ఖాళీగా ఉందో."

సన్యాసిరావుగారు గాభరాపడి ఆవిడని ఇటు తిప్పారు. ఇప్పుడు ఆవిడ మొహానికి జానెడు దూరంలో గరుకు గుడ్డా, దాని మీద తెల్లటి పూతా. అంతే. ఇళ్ళు ఎక్కడో రెండు పక్కలా మరకల్లా ఉన్నాయి. ఆవిడ చూపుడువేలితో ఆ పూతని ఒకసారి తాకి, వేలు చూసుకుంది.

"పడుకోబెట్టండి" అంది.

పడుకున్నాక మంచాన్ని కిటికీ వైపు తిప్పమంది. కిటికీలోంచి ఎదురు క్వార్టరు పసుపు గోడ తప్ప ఏమీ కనబడదు. అదే చూస్తూ ఉండిపోయింది. తెర వంక మళ్ళీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆచారిగారు రంగుల డబ్బాలు పట్టుకుని వెళ్ళారు, ఆ ఖాళీ నింపేద్దామని. సన్యాసిరావుగారు వరండాలోనే ఆపేశారు.

"ఏం వేస్తారు?"

"ఏదో ఒకటండి. ఒక పడవో, లేకపోతే వీధిలో నడిచే మనిషినో."

"ఎవర్ని?" అన్నారు సన్యాసిరావుగారు.

ఆచారిగారు డబ్బాలతో వెనక్కి వచ్చేశారు. నాలుగో రోజున ఆవిడ పోయింది. పెద్దకర్మ అయ్యాక సన్యాసిరావుగారు ఆ తెరని చుట్టి, సైకిలుకి కట్టుకుని స్టూడియోకి తెచ్చారు. "మీ దగ్గరే ఉంచండి. ఇంట్లో ఉంటే ఎవరో రావాల్సిన వాళ్ళు ఇంకా రానట్టుగా ఉంటోంది" అన్నారట. మా అన్నయ్యకి ఇదేమీ తెలియదు. తెర బాగుందని పదేళ్ళు వాడాడు. దాని ముందు ఎన్ని పెళ్ళిజంటలు నిలబడ్డాయో. ఆ పెళ్ళికూతుళ్ళ బుగ్గలకి రంగద్దింది నేనే. ఒక్క ఫోటోలోనూ నాకు ఆ చోటు కనబడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు అందులో నవ్వుతూ ఉన్నారు.

చెప్పడం అయ్యాక ఆచారిగారు చల్లారిన టీ తాగారు. 

"అయితే వెళ్ళొద్దంటారా గురువుగారూ?" అన్నాడు లోవరాజు.

"వెళ్ళరా. ఎక్కడికైనా వెళ్ళు" అన్నారు ఆచారిగారు. "ఫోటో మాత్రం దిగకు."

హైమా, ఇది సాపు చేసేటప్పుడు పేర్లు ఒకసారి చూడమ్మా. బురానో, హిల్లియర్, జోధ్‌పూర్, ఇవి సరిగ్గానే రాశాననుకుంటున్నాను. ఆవిడ పేరు కూడా ఆచారిగారు ఆరోజు చెప్పారు, ఒకటికి రెండుసార్లు. ఎంత తలుచుకున్నా రావడం లేదు. రైల్వే వాళ్ళలో పాతవాళ్ళెవరైనా ఉంటే అడుగు.