లైటు ఆరకుండా వచ్చిన పెళ్ళికొడుకు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు మా పెద్ద మేనమామ చింతా దానయ్య. సైకిలు చక్రానికి వంకర తీయడం నేర్పింది కూడా ఆయనే. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, నా సొంతం ఒక్క ముక్క కలపలేదు.

జొన్నలంకలో ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. పెద్దవాడు గురవయ్య, నడిమివాడు అంకమ్మరావు, చిన్నవాడు బసవలింగం. గురవయ్య పెళ్ళాం మంగతాయి. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని నలుగురికీ గర్వం. వానొస్తే బావి తడిసిపోతుందని దాని మీద గొడుగు పట్టుకుని నిలబడేది వాళ్ళే. పక్కింటి బావి తడుస్తుంటే చూసి జాలిపడేదీ వాళ్ళే. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే, అది మా వంశంలోనే ఉంది అనేవాడు గురవయ్య.

బసవలింగానికి పక్క ఊరు కనకయ్యగారి కూతురు నాంచారమ్మ సంబంధం వచ్చింది. పిల్లని చూసొచ్చిన దగ్గర్నుంచి వాడికి అన్నం సయించడంలేదు. పెరుగన్నంలో పెరుగు వేసుకోవడం మర్చిపోతున్నాడు. ఈ పిల్లని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని వదిన దగ్గర ఏడ్చాడు కూడా. కనకయ్యకీ అబ్బాయి నచ్చాడు. ఒక్కటే పేచీ. ఒకసారి చీకట్లో లైటు లేని సైకిలు ఆయన్ని గుద్ది మోకాలు వాయగొట్టింది. ఆనాటి నుంచి లైటు లేని సైకిలంటే ఆయనకి పగ. అందుకని కబురు పంపాడు. శుక్రవారం దీపాలు పెట్టే వేళకి పెళ్ళికొడుకు లైటు వెలుగుతున్న సైకిలు మీద మా ఇంటికి రావాలి, వస్తే తాంబూలాలు, లేకపోతే ఎవరి దారి వాళ్ళది అని.

అంతే, ముగ్గురూ సైకిలు నడిపించుకుంటూ కరీముల్లా షాపుకి పోయారు. ఆ రోజు షాపు నిండా పంచరు బళ్ళే. బిగించే తీరిక నాకు లేదు, ఎలాగో చెప్తాను, మీరే బిగించుకోండి అని కరీముల్లా డైనమో, లైటు, తీగ చేతిలో పెట్టాడు. డైనమో వెనక టైరుకి ఆనాలి. తీగ మడ్గార్డు కింద నుంచి పొడుగు గొట్టం అడుగుగా హ్యాండిలు దాకా పోవాలి. ఎక్కడా వేలాడకూడదు.

"తీగ బయటికి కనపడకూడదు, అదీ పనితనమంటే. హ్యాండిలు తిరిగినప్పుడు తీగ లాక్కుపోకుండా చూసుకోండి. చక్రం తిరిగినంతసేపే లైటు. ఆగితే ఆరిపోద్ది" అన్నాడు.

ఇంటికొచ్చి బిగించారు. నిజం చెప్పుకోవాలి, తీగ బాగానే లాగారు, గొట్టానికి అంటుకున్నట్టు. గురవయ్య వంగి చూశాడు, కనపడుతోంది. పడుకుని చూశాడు, ఇంకా బాగా కనపడుతోంది. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు. మసక చీకటి పడింది. ఇప్పుడు కనపడటంలేదు, పనితనం కుదిరిందన్నాడు. ముగ్గురూ సంతోషించారు. బసవలింగం సంబరంగా స్టాండు వేసి పెడలు తిప్పాడు. లైటు వెలిగింది. ఆ వెలుగులో హ్యాండిలు దగ్గర తీగ కనపడింది.

ఇంకేముంది, ఈ లైటే మన పరువు తీస్తోందన్నాడు అంకమ్మరావు. మంగతాయి పాత చీర తెచ్చింది. సైకిలు గొట్టాలకి ఆ చివర నుంచి ఈ చివర దాకా చుట్టారు. తీగ ఒక కొస లైట్లోకి పోతోంది గనక లైటుకీ చుట్టారు. తీగ కనపడలేదు, లైటూ కనపడలేదు. లోపల వెలుగుతూనే ఉందిగా, మామగారికి నోటితో చెప్దామన్నాడు గురవయ్య. ఆయన కళ్ళతో చూస్తానన్నాడు కదన్నయ్యా అని బసవలింగం గోల పెడితే, సరేనని లైటు ముందు చీరకి చిల్లు పెట్టారు.

మిగిలింది హ్యాండిలు. అది తిరిగితే గదా తీగ లాక్కుపోయేది, తిరక్కుండా చేస్తే సరి అన్నాడు అంకమ్మరావు. కొబ్బరి తాడు తెచ్చి హ్యాండిలుని గొట్టానికి బిగించి కట్టేశారు. ఇప్పుడా సైకిలు తిన్నగా తప్ప ఎటూ పోదు. మంచిదే, తిన్నగా పోయేవాళ్ళకే పిల్లనిస్తారన్నాడు గురవయ్య.

శుక్రవారం పొద్దు వాలేసరికి బసవలింగం పట్టు పంచె కట్టి సైకిలెక్కాడు. దిగేదాకా హ్యాండిలు వదలకు నాయనా అని మంగతాయి మరీ మరీ చెప్పింది. మబ్బు పట్టింది గనక ఆవిడ గొడుగు తీసుకుని బావి దగ్గర ఉండిపోయింది. అన్నలిద్దరూ చెరో పక్కా పరుగు. మలుపు వచ్చినప్పుడల్లా ఇద్దరూ మనిషితో సహా సైకిలు ఎత్తి, కొత్త దారికి ఎదురుగా పెట్టి దింపేవాళ్ళు. గాల్లో ఉన్నా బసవలింగం తొక్కడం ఆపలేదు. లైటు ఆరలేదు.

కనకయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వీధి చివర లైటు చూసి ఆయన మొహం వెలిగింది. దగ్గరికొచ్చింది, ఆగలేదు. ఆయన పక్కకి దూకాడు. సైకిలు గుమ్మం దాటి తిన్నగా చావట్లోకి వచ్చింది. ఎదురుగా గోడ. అంతే, అన్నలు వెనకాల పట్టుకుని ఎత్తేశారు. బసవలింగం అలాగే తొక్కుతున్నాడు.

"చూశాను నాయనా, లైటు బాగుంది. ఇంక దిగు" అన్నాడు కనకయ్య.

"దిగితే ఆరిపోద్ది మావయ్యా. ఆరితే మీరు పిల్లనివ్వరు" అన్నాడు బసవలింగం రొప్పుతూ.

పోనీ స్టాండు వేసి తొక్కమన్నాడు కనకయ్య. స్టాండు వేస్తే బండి ఆగినట్టే, ఆగితే ఆరుతుందని షాపతను చెప్పాడు, మాకు తెలీదనుకున్నారా అన్నాడు గురవయ్య. తలుపు చాటున నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వచ్చిన చుట్టాలు చెమటతో మెరుస్తున్న పెళ్ళికొడుక్కి విసనకర్రతో విసురుతున్నారు. మంచి గడియ దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టాడు.

కనకయ్య తాంబూలం పళ్ళెం పట్టుకొచ్చాడు. ఇస్తే పుచ్చుకునే చెయ్యి లేదు. గురవయ్య రెండు చేతులూ సైకిలు కింద. అంకమ్మరావువీ అక్కడే. బసవలింగానివి ఖాళీ చేసుకోవచ్చు గానీ, దిగేదాకా హ్యాండిలు వదలొద్దని వదిన చెప్పింది. పళ్ళెం పట్టుకుని కనకయ్య సైకిలు చుట్టూ తిరిగాడు. ఆఖరికి విసుగొచ్చి, ఆకులూ వక్కలూ పసుపుకొమ్ములూ ఒక గుడ్డలో మూటగట్టి సైకిలు హ్యాండిలుకి తగిలించాడు.

అందరూ అక్షింతలు వేశారు. అప్పుడు గురవయ్య మొహం నల్లబడింది.

"తాంబూలం పుచ్చుకున్నది ఎవరురా?" అన్నాడు.

"సైకిలు" అన్నాడు అంకమ్మరావు.

"అయితే సంబంధం ఎవరికి ఖాయమైనట్టు?"

ఇంకేముంది, బసవలింగం తొక్కడం ఆపి బావురుమన్నాడు. లైటు ఆరిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. కనకయ్య ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు, పెద్దల ముందు జరిగిన మాట తప్పడం మా వంశంలో లేదన్నారు. దారి పొడుగునా అన్నలు తమ్ముణ్ణి ఓదార్చారు. సైకిలు మనింటిదే గదరా, పిల్ల మనింటికే వస్తుంది, నువ్వు తోడుపెళ్ళికొడుకువి, నీకూ కొత్త బట్టలు పెడతారన్నారు. బట్టలనేసరికి వాడు కాస్త తేరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ సైకిలుకి బొట్టు పెట్టి కరీముల్లా షాపుకి తీసుకుపోయారు. మళ్ళీ ఏం పాడైందని అడిగాడు కరీముల్లా. ఏమీ పాడవలేదు భాయ్, దీనికి రెండు చేతులు బిగించి ఇవ్వాలి, ముహూర్తానికి తాళి కట్టాలన్నాడు గురవయ్య.

కథ ఇంతే. కానీ మా తోడల్లుడు సత్యం మాత్రం, ఆ తీగ బిగించడం చేతగాక అసలు లైటే వెలగలేదని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్విస్తున్నాడు. వెలగకపోతే కనకయ్య తాంబూలం ఎందుకు తెస్తాడు? అతనికీ నాకూ మాటల్లేవు. చదివినవాళ్ళెవరైనా అతని దగ్గరకెళ్ళి, లైటు వెలిగిందని చెప్పి, కథ సరిచేయించాలని కోరుతున్నాను.