సుంకన్నకు పడని నూనె

మౌలాలి తీసిన వట్టివేరు నూనె ఒక్క సుంకన్న దగ్గరే పనిచేయలేదు.

మౌలాలి పెన్న ఒడ్డున ఉండే ఫకీరు జమాల్ బాబాకు శిష్యుడు. ఏటిగట్టున వట్టివేళ్లు తవ్వి, కడిగి, నానబెట్టి, రాగి బానలో కాచి, ఆవిరి చల్లారితే పైకి తేలే చిక్కటి నూనెను సీసాకెత్తడం అతని పని. ఎండకు తాళలేని వాళ్లకు నువ్వులనూనెలో ఓ చుక్క కలిపి మాడుకు రాస్తే ఒళ్లు చల్లబడేది. నిద్రలేని వాళ్లకు రెప్పలు బరువెక్కేవి. దాని గుణాలు అడిగితే మౌలాలి పొద్దుగూకేదాకా చెప్పగలడు.

సుంకన్న మేకలు కాసుకునేవాడు. వానల్లో కొడుకు పోయినప్పటి నుంచి అతనికి కునుకు లేదు. మౌలాలి నూనె రాసి పంపాడు. సుంకన్న మళ్లీ వచ్చాడు, కళ్లు ఇంకా లోపలికి పోయి. మౌలాలి ఇంకాస్త చిక్కగా రాశాడు. మూడోసారి సుంకన్నను అతని తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"కూడు కూడా ముట్టడం లే," అన్నాడు తమ్ముడు.

మౌలాలి గురువు వైపు తిరిగాడు. "నూనెలో లోపం లేదు బాబా. నా చేత్తో తీశాను. దీనికి లొంగని ఒళ్లుంటుందా?"

బాబా వంగి సుంకన్న తల వాసన చూశాడు. కుంకుడుకాయలు కొట్టి నానేశాడు. నురుగు వచ్చాక అతన్ని బండమీద కూర్చోబెట్టి, తనే తల రుద్ది, నీళ్లు తేటగా జారేదాకా పోశాడు. తన తువ్వాలుతో తుడిచి, వేపనీడలో పడుకోబెట్టాడు.

కాసేపటికి గురక వినిపించింది.

మౌలాలి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏ నూనె రాశారు బాబా?"

"ఏమీ రాయలేదు. నువ్వు రాసింది తీశాను."

"ఎందుకు?"

"లేచాక అతన్నే అడుగు."

ఎండ వాలాక సుంకన్న లేచాడు. మౌలాలి అడిగాడు. సుంకన్న తల తడిమి చూసుకున్నాడు.

"మంచి నూనే సామీ. వానకు తడిసిన మన్ను వాసనొస్తాది. పిల్లోణ్ణి మన్నులో పెట్టిన దినం గుంతలో అదే వాసన. కన్ను మూస్తే ఆడికే పోతాండ."

మౌలాలి లేచి వెళ్లి, మిగిలిన కుంకుడు నురుగుతో చేతులు మోచేతులదాకా కడుక్కున్నాడు. వచ్చి సుంకన్న పక్కన కూర్చున్నాడు.

"పిల్లాడి పేరేంది?" అన్నాడు.