మిల్లు కాలనీలో ముగ్గు

జగన్నాథం మాస్టారిని ప్రశ్న అడిగినవాడికి సాధారణంగా జవాబు దొరకదు, పని దొరుకుతుంది. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి ఆయన. అవసరానికి మించి గీస్తే కాగితం పాడవుతుందని పిల్లలకు చెప్పేవారు, మాటల విషయంలో తానే దాన్ని పాటిస్తారు. సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరే మేము కొందరం ఆయన శిష్యులమని చెప్పుకుంటాం. ఆయన మాత్రం ఇంటికొచ్చినవాళ్లకు "వీళ్లు మా ఇంటి కాఫీకి పరీక్షాధికారులు" అని పరిచయం చేస్తారు. అదీ నిజమే.

మాలో తవిటినాయుడు ఒక్కడే గురువుగారి విద్యతో అన్నం తినేవాడు. మున్సిపాలిటీలో ఇంజనీరు. ఆ సాయంత్రం వాడు కాఫీ గ్లాసు ముట్టుకోకుండా పక్కన పెట్టి, సూటిగా అడిగేశాడు.

"గురువుగారూ, కట్టేది మనం. కట్టడం తెలిసింది మనకి. మరి జనాన్ని అడగడం దేనికండీ?"

వాడి కోపానికి కారణం లేకపోలేదు. అంతకుముందు గాజుల వీధిలో వాడొక ఆటల భవనం కట్టాడు. చక్కని భవనం. కట్టేముందు సభ పెట్టి, ప్లాను గోడకు అంటించి, అందరినీ అభిప్రాయం అడిగాడు. అందరూ బాగుందన్నారు. ఇప్పుడు దాని మెట్ల మీద మిరపకాయలు ఎండుతున్నాయి, షటిల్ కోర్టులో టెంట్ హౌసువాళ్ల కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆడుకోవడానికి మాత్రం పురుగు కూడా రాదు. ఆ దారిన వెళ్లాల్సి వస్తే తవిటినాయుడు స్కూటరును వేరే వీధిలోకి తిప్పుకుని పోతాడని మాకందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటాం.

ఇప్పుడు మూతపడ్డ జూట్ మిల్లు వెనక, మిల్లు కాలనీలో, అటువంటిదే మరొకటి కట్టే పని వాడికే పడింది. ఆ కాలనీకి మిగిలిన ఖాళీ జాగా అదొక్కటే. దాన్ని కూడా ఎవరూ రాని భవనం మింగేస్తే అక్కడి పిల్లలకు ఇక రోడ్డే గతి. ఈసారి తప్పు జరగకూడదని వాడు బాగా ఆలోచించాడు. కాగితం మీది గీత జనానికి అర్థం కాదు, అందుకే గాజుల వీధివాళ్లు ఊరికే తలలూపారు, నేల మీదే చూపిస్తే నోరు విప్పుతారనుకున్నాడు. మేస్త్రీని పిలిచి, దారాలు లాగించి, భవనం మొత్తం ఎంతుంటుందో అంతా ఆ జాగాలో ముగ్గు పోయించాడు. ఇది హాలు, ఇది షటిల్ కోర్టు, ఇది వ్యాయామం గది, ఇదిగో తూర్పున గుమ్మం. ఆ తర్వాత మైకు ఆటో తిప్పి కాలనీ అంతటినీ రమ్మన్నాడు.

అందరూ వచ్చారు. పసుపు కుంకాలతో, కొబ్బరికాయలతో వచ్చారు. కాలనీ సంఘం ప్రెసిడెంటు లచ్చుంనాయుడు కొత్త కండువా కూడా వేసుకొచ్చాడు.

"మార్పులేమైనా ఉంటే చెప్పండి అన్నానండీ" అన్నాడు తవిటినాయుడు. "నాకేదో గాలి సోకినట్టు చూశారు. 'ముగ్గు పోసీసినాక మార్పేటి బాబూ, అరిష్టం కాదేటి' అన్నారు. మూలమూలకీ పసుపు పెట్టారు, కాయ కొట్టారు, నాకు బొట్టు పెట్టారు, చెక్కలు పంచుకుని ఇళ్లకి పోయారు."

మాకు నవ్వు ఆగలేదు. మన వైపు ముగ్గు పోయడమంటే పని మొదలైపోయినట్టే. ఆ గీతను అటూ ఇటూ జరపమనే మాట శుభం కోరేవాడి నోట రాదు. ఇది తవిటినాయుడికి తెలియక కాదు. వాడి సొంత ఇంటికి ముగ్గు పోసిననాడు ఎదురుగా తుమ్మిన మేనమామను వాళ్లమ్మ కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది. ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక ఇంట్లో తెలిసిన సంగతులు కొన్ని గుర్తుకు రావు, అంతే.

"సోమవారం ఫైలు పంపేస్తానండీ" అన్నాడు వాడు. "ఆ వెంటనే నన్ను మురుగు కాలవల పనికి మార్చమని అర్జీ పెట్టుకుంటాను. కాలవ కట్టడానికి ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు." ఆ మాట అని వాడు కాఫీ గ్లాసును ఇంకాస్త దూరం జరిపాడు. మా నవ్వు అక్కడితో ఆగింది. ఇష్టపడి నేర్చుకున్న విద్య మీద మనిషికి విరక్తి కలగడం చూస్తే బాధేస్తుంది.

గురువుగారు ఒక్కటే అడిగారు. "ముగ్గు ఇంకా ఉందా?"

"ఉందండీ. తొక్కితే కళ్లు పోతాయన్నట్టు ఉన్నారు వాళ్లు."

"అయితే పొద్దున్నే వెళ్దాం."

మేమూ వెంట పడ్డాం. గురువుగారు తెమ్మన్నారని తవిటినాయుడు ముగ్గు డబ్బా పట్టుకొచ్చాడు. మేం వెళ్లేసరికి జాగా పక్కన కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. సన్యాసమ్మ అనే పెద్దావిడ, ఒకప్పుడు మిల్లులో పనిచేసిన మనిషి, పక్కనే ఇడ్లీల బండి పెట్టుకుని ఉంది. లచ్చుంనాయుడు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. తెల్లటి గీతలు చెక్కు చెదరలేదు.

గురువుగారు జాగా చుట్టూ ఒకసారి తిరిగారు. తూర్పు వైపు గీత దగ్గర ఆగారు. పంచె కాస్త పైకెత్తి, కుడికాలితో, గుమ్మంతో సహా ఆ గోడంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెరిపేశారు.

కుళాయి కింద బిందె నిండి పొర్లింది. లచ్చుంనాయుడి పేపరు ఒళ్లోకి జారింది. సన్యాసమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఇదేటి బాబూ! పెద్దోరు, పసుపెట్టిన గోడ సెరిపేసినారేటి!"

"తప్పా అమ్మా?"

"తప్పు కాదేటి!"

"మరి ఆ దోషం పోవాలంటే ఏం చెయ్యాలి?"

"ఏటి సేత్తాం? మల్లీ ఏసీడమే."

"నాకు నడుం వంగదు తల్లీ. నువ్వు వేసిపెట్టు" అని గురువుగారు తవిటినాయుడి చేతిలోని ముగ్గు డబ్బా తీసి ఆవిడకు అందించారు.

సన్యాసమ్మ గరిటె మా వాళ్లలో ఒకడి చేతికిచ్చి, కొంగు బిగించి వంగింది. గీత మొదలైంది. కొంచెం వంకర పోయింది కూడా. గుమ్మం రావలసిన చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తి ఎదురుగా చూసింది. రోడ్డవతల మందు షాపు, దాని ముందు తాగేవాళ్లు కూర్చునే బల్లలు ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి కుళాయి సందు వైపు చూసింది. ఏమనుకుందో ఏమో, గుమ్మానికి చోటు వదలకుండా గీత లాగుకుంటూ పోయింది. తూర్పు గోడ మూసుకుపోయింది. అక్కణ్ణుంచి చుట్టూ నడిచొచ్చి, కుళాయి సందు వైపున ఉన్న గోడను బొటనవేలితో మనిషి పట్టేంత చెరిపింది.

"ఎలాగూ ఏత్తన్నాను గదా బాబూ" అంది కొంచెం సిగ్గుపడుతూ. "గుమ్మం ఇటెట్టీసినాను."

తవిటినాయుడు నిర్ఘాంతపోయాడు. "నిన్న అంతలా అడిగితే ఈ మాట చెప్పలేదేమ్మా?"

"నిన్న నువ్వు ఏసీసినాక గదా అడిగినావు! తాళి కట్టీసినాక పిల్ల నచ్చినాదా అని అడిగితే ఏటి సెప్తారు బాబూ?"

కుళాయి దగ్గర నవ్వులు లేచాయి. అక్కడ బిందె పట్టుకుని నిలబడ్డ ఈశ్వరి, కాలనీలో బట్టలు కుట్టే అమ్మాయి, ముందుకొచ్చింది. "అటు గుమ్మమైతే మాలో ఒక్కరం వొచ్చీవోళ్లం కాదు సార్. ఆ షాపు ముందునుంచి ఆడగుంటల్ని ఆడుకోడానికి ఎవులు పంపుతారు?"

గాజుల వీధి భవనం గుమ్మం ఎదురుగా ఏముందో తవిటినాయుడు గుర్తు చేసుకోబోయాడు. రాలేదు. వాడు ఎప్పుడూ చూడలేదు గనక. ఈ సంగతి తర్వాత వాడే మాకు చెప్పాడు, చెబుతూ తల దించుకున్నాడు.

ఇంతలో లచ్చుంనాయుడు లేచొచ్చాడు. "తూర్పు గుమ్మం మూసీడమేటి? వాస్తు అక్కర్లేదేటి?" అని సన్యాసమ్మ మీదికి వెళ్లాడు. "అయితే నువ్వు తూర్పునుంచే రా బాబూ, గోడ దూకి" అందావిడ. ఆయన డబ్బా లాక్కుని, తన కసి కొద్దీ హాలు మధ్యలో ఇంత పెద్ద స్టేజీ గీసేశాడు. సన్మానాలు చెయ్యాలట. ఎవరికని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఆ తర్వాత డబ్బా ఒకరి చేతిలో ఆగలేదు. మిల్లు రిటైర్మెంటు వాళ్లు చతుర్ముఖ పారాయణానికి, అంటే పేకాటకు, మండపం గీసుకున్నారు. ఒకాయన రామమందిరం మొదలుపెట్టాడు. క్రికెట్ కుర్రాళ్లు గీసిన బౌండరీ జాగా దాటి, రోడ్డు దాటి, సన్యాసమ్మ వంటింట్లోంచి వెళ్లింది. ఒకరు గీసింది ఇంకొకరు చెరుపుతున్నారు. తిట్లు కూడా దొర్లాయి.

"గురువుగారూ, ఇది ప్లాను కాదండీ, తిరణాల!" అన్నాడు తవిటినాయుడు జుట్టు పీక్కుంటూ.

గురువుగారు ఇడ్లీ తింటున్నారు. చట్నీ బాగుందన్నారు.

అయితే తిరణాలలో కూడా ఎవరి దారి వాళ్లకు దొరుకుతుంది. సన్యాసమ్మ లచ్చుంనాయుణ్ణి స్టేజీ మీద నిలబెట్టి, "ఏదీ, ఉపన్యాసం సెప్పు, సూద్దాం" అంది. ఆయన గొంతు సవరించుకుని, పెద్దలకు నమస్కారమని మొదలుపెట్టి, చుట్టూ చూసుకుని, అంత జాగాలో తానొక్కడే ఉండడం తనకే బాగులేక సగం స్టేజీ తన కాలితోనే చెరుపుకున్నాడు. ఆ సగంలో ఈశ్వరి తన ఈడు పిల్లలను పిలిచి ఖోఖోకు కూర్చోబెట్టింది. పెళ్లయిన ఇద్దరు కూడా బిందెలు దించి వచ్చి కూర్చున్నారు. వాళ్లు ఆడి ఎన్నేళ్లయిందో గాని, లేవడం మర్చిపోలేదు. పరుగు తీస్తే చెయ్యి గోడ గీత దాటి పోతోంది.

ఈశ్వరి ఆయాసపడుతూ ఆగి, తవిటినాయుడి వైపు తిరిగింది. "సార్, ఈ మజ్జి గోడ తీసీమంటే కప్పు నిలబడతాదేటి?"

అందరూ మాటలు ఆపి వాడి వైపు చూశారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో వాడు జనాన్ని ప్రశ్నలు అడగడమే గాని, వాడికి తెలిసినదాని గురించి జనం వాడిని ప్రశ్న అడగడం అదే మొదలు. వాడి మొహం వెలిగిపోయింది. "గోడ తీసెయ్యొచ్చమ్మా, స్తంభం కావాలి, ఇక్కడొకటి, అక్కడొకటి" అంటూ గబగబా వంగి చేత్తోనే ముగ్గు పోశాడు. స్తంభం ఇక్కడొస్తే పరిగెత్తే ఆడగుంటలు గుద్దుకుంటారంది ఒకావిడ. అయితే ఇటు జరుపుదామన్నాడు. మరీ జరిపితే కప్పు కుంగుతుందన్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు. రామమందిరానికి చోటు లేదని వాడు చెప్పలేకపోతుంటే సన్యాసమ్మే చెప్పింది. మండపం చిన్నదై ఒక మూలకు చేరింది. క్రికెట్‌కు ఎక్కడా చోటు దొరకలేదు. ఆ కుర్రాళ్లు అలిగి వెళ్లిపోయారు. అందరినీ మెప్పించే జాగా ఎక్కడా ఉండదు.

ముగ్గు అయిపోతే ఇళ్లలోంచి తెచ్చారు. ఎండెక్కింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు ఉల్లిపాయలమ్మే ఒకతను, రోజూ లాగే, జాగాకు అడ్డంగా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"ఓరి నాయినా!" అని సన్యాసమ్మ కేకేసింది. "గోడలోంచి పోతన్నావేటి? గుమ్మం ఇటున్నాది!"

అతను గతుక్కుమని బ్రేకు వేశాడు. ముందుకు చూశాడు, కిందికి చూశాడు. గోడేమీ కనబడలేదు. కానీ అంతమంది మొహాల్లో ఎక్కడా వేళాకోళం లేదు. అతను సైకిలు దిగి, నడిపించుకుంటూ చుట్టూ తిరిగి, కుళాయి సందులోంచి గుమ్మం దగ్గరికి వచ్చి, "రావొచ్చునేటండి?" అని అడిగాడు. రమ్మన్నారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వింది మేమే, అదీ సంతోషంతో.

తవిటినాయుడి కనుబొమ్మల దాకా ముగ్గే. వాడు చెమట తుడుచుకుంటూ వచ్చి, "సోమవారానికి ఫైలు అవదండీ" అన్నాడు. వాడి మొహం మాత్రం జీతం పెరిగినవాడి మొహంలా ఉంది.

గురువుగారు లేచి, దగ్గరగా చూద్దామని హాలులోకి అడుగు పెట్టారు. "తాతగారూ, సెప్పులు!" అని లోపలినుంచి ఈశ్వరి అరిచింది.

ఆయన వెంటనే వెనక్కి వెళ్లారు. ముగ్గు వదిలిన చోట ఆగి, చెప్పులు బయట విడిచి, కాలుతున్న మట్టిలో ఒట్టి కాళ్లతో లోపలికొచ్చి, శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"గోడలు లేచాయి నాయనా. ఇటుకలంటావా, నిదానంగా తోలించుకో."