గోరింకకు నేర్పని మాట

పొద్దెక్కినా పొగమంచు విడవని అడవి ఒకటి ఉండేదట, పిల్లలూ. ఆ అడవి నడుమ ఒక గుహ. గుహ ముందు ఒక ఎండిన చెట్టు. చెట్టు మీద ఒక గోరింక.

పొద్దున ఆ గోరింక ఒక మాట పలికేది. "గుహలో వెచ్చన! గుహలో మెత్తన! పిల్లలకు హాయి! రండి, రండి!"

సాయంత్రం ఇంకో మాట పలికేది. "మంచులో ముసుగోడు తిరుగుతున్నాడు! పిల్లల్ని ఎత్తుకుపోతాడు! గుహలోకి వెళ్ళండి, వెళ్ళండి!"

ముసుగోణ్ణి ఎవరూ చూడలేదు. అయినా పొద్దుటి తీపి మాట, సాయంత్రపు భయం మాట కలిసి అందరి చెవుల్లో రోజంతా తిరిగేవి.

ముందు జింక వెళ్ళింది. మర్నాడు చెట్టు మీంచి అచ్చం జింక గొంతు వినిపించింది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో! మీరూ రండి!" తర్వాత నెమలి వెళ్ళింది. మర్నాడు నెమలి గొంతు, అదే మాట. ఆ తర్వాత అడవిపంది తన పిల్లలందరితో వెళ్ళింది.

అడవిలో సందడి తగ్గింది. చెట్టు మీద గొంతులు పెరిగాయి.

ఒక కుందేలు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయింది. ఆమె పిల్లలిద్దరూ చలికి వణుకుతున్నారు. పొరుగునుండే ముళ్ళపంది మావయ్య ఆమెను చూసి నవ్వాడు.

"ఏం కోడలు పిల్లా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ముసుగోడికి విందు పెడతావా ఏంటి?"

"ఆలోచిస్తున్నాను మావయ్యా."

"ఆలోచించు, ఆలోచించు! మంచి తల్లులంతా ఎప్పుడో వెళ్ళారు. నేనూ రేపు మనవలతో బయల్దేరుతున్నా."

'మంచి తల్లులంతా' అన్న మాట కుందేలుకు గుచ్చుకుంది. వెంటనే పిల్లల్ని తీసుకుని గుహ దగ్గరకు వెళ్ళింది. లోపలినుంచి నిజంగానే వెచ్చని గాలి వచ్చింది. పిల్లలు ముందుకు అడుగేశారు.

ఎక్కడికి బయల్దేరినా ఎదురైనవాళ్ళకు చెప్పి కదలడం కుందేలు అలవాటు. తలెత్తి, "గోరింకా, వెళ్ళొస్తాం" అంది.

"వెళ్ళండి" అంది గోరింక.

కుందేలు ఆగిపోయింది. ఎవరైనా 'వెళ్ళిరండి' అంటారు. ఉత్త 'వెళ్ళండి' అని ఎవరంటారు?

"వెళ్ళిరండి అనాలి కదమ్మా?"

"ఆ మాట నాకు నేర్పలేదు."

"ఎవరు నేర్పలేదు?"

"లోపలున్న కొండచిలువ. అది నేర్పింది పలికితేనే నాకు తిండి."

"మరి ముసుగోడు ఎలా ఉంటాడు?"

"అదీ నేర్పలేదు."

ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. లోపల చీకట్లో బరువైనదేదో నేలను రాసుకుంటూ మెల్లగా కదిలింది.

కుందేలు పిల్లల్ని లాక్కుని మంచులోకి పరుగెత్తింది. ముసుగోడంటే భయం ఇంకా పోలేదు. అయినా పరుగెత్తింది. మంచులో ఎవరూ లేరు. మంచే ఉంది.

మర్నాడు ముళ్ళపంది మావయ్య మనవలతో బయల్దేరాడు. దూరంగా చెట్టు మీంచి కుందేలు గొంతు పిలిచింది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో! మీరూ రండి!"

"విన్నార్రా? కోడలు పిల్ల కూడా వెళ్ళిపోయింది! మనమే వెనకబడ్డాం" అన్నాడు మావయ్య.

"నేనిక్కడే ఉన్నా మావయ్యా" అంది కుందేలు, పక్కనున్న పొదలోంచి.

మావయ్య ఆమెను చూశాడు. చెట్టు వైపు చూశాడు. ఒంటి మీది ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"మరి... ఆ పిలిచేదెవరు?"

కుందేలు జరిగిందంతా చెప్పింది.

"అయితే మన జింక..." అని ఆగిపోయాడు మావయ్య. కుందేలు తల దించుకుంది. మనవల్ని వెనక్కి తిప్పి, ఆయన ఆ పొదలోకే వచ్చి కూర్చున్నాడు.

మంచు ఇంకా దట్టమైంది. చిన్న కుందేలు పిల్ల అడిగింది. "అమ్మా, ఇక్కడ వెచ్చగా ఉంటుందా?"

"ఉండదు నాన్నా. చలిగానే ఉంటుంది. దగ్గరికి జరగండి" అంది కుందేలు.

నీతి: ఆశ పెట్టే గొంతే భయమూ పెడుతుంటే, అది మనల్ని ఎక్కడికి తోలుతోందో ఆగి అడగాలి.