చెంచమ్మ విడవని పథ్యం

"గురువుగారూ, పసివాళ్ళ కడుపుకి పప్పు మంచిదా, చెడ్డదా?"

కామేశం ఈ ప్రశ్న అడిగేనాటికి నరహరి పంతులుగారి దగ్గర వైద్యం నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. చదివిన గ్రంథాల్లో ఒకటి పప్పు బలమంటుంది, ఇంకోటి వాతమంటుంది. ఏదో ఒకటి తేల్చి చెబితే రాసి పెట్టుకుందామని అతని ఆరాటం. పంతులుగారికేమో అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పే అలవాటు పుట్టాక ఎన్నడూ లేదు. అరుగు మీద కూర్చుని కరక్కాయలు దంచుతూ, "వాకిట్లో ఎవరో వచ్చినట్టున్నారు, చూడు నాయనా" అన్నారు.

వచ్చింది పక్క ఊరి చెంచమ్మ. చంకలో కూతురు కొండమ్మ. మూడో ఏడు నడుస్తోందట, ఏడాది పిల్లకన్నా పెద్దగా లేదు. కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది, జుట్టు ఎర్రబారింది. కింద నిలబెడితే నిలవలేక కూలబడుతోంది.

"ఏం పెడుతున్నావమ్మా పిల్లకి?" అని అడిగారు పంతులుగారు.

"గంజీ, చారు మెతుకులూ పెద్దయ్యా. పథ్యం మాత్రం తప్పలా." ఆ మాటలో చెంచమ్మకి కాస్త గర్వం కూడా ఉంది. "ఆషాఢంలో దీనికి విరేచనాలు పట్టుకుంటే ఇక్కడికే తీసుకొచ్చా. తమరు ఊళ్ళో లేరు, ఈ చిన్నయ్యగారే చూశారు. పప్పు బద్ద ముట్టించొద్దు, ఎప్పుడు పెట్టాలో నేనే వచ్చి చెబుతానన్నారు. ఇవాళ్టి వరకూ ముట్టించలా. ఇంట్లో పప్పు వండితే దీని చూపు చూడలేక నేను కూడా మానేశా."

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అదొక కట్టుబాటు. వైద్యుడు పెట్టిన పథ్యాన్ని వైద్యుడే నోటితో విడిపించాలి. తమంతట తాము విడిస్తే మందు వికటిస్తుందని జనానికి మహా భయం. ఇంతకీ కామేశం పెట్టింది మూడు రోజుల పథ్యం. నాలుగోనాడు వెళ్ళి చెప్పాల్సినవాడు, ఆ నాలుగోనాడు ఏ పనిలో మునిగాడో అతనికే గుర్తులేదు. అప్పుడు ఆషాఢం, ఇప్పుడు ఫాల్గుణం. అక్షరాలా ఎనిమిది నెలలు!

"రేపటి నుంచి పిల్లకి పప్పు పెట్టు చెంచమ్మా" అన్నారు పంతులుగారు.

"అమ్మో! చిన్నయ్యగారు చెప్పందే?"

పంతులుగారు మళ్ళీ రోకలి అందుకున్నారు.

ఇక్కడ కామేశానికి ఒక దొంగదారి ఉంది. "పథ్యం ఇవాళ్టితో పూర్తయిందమ్మా" అంటే చాలు, ఆ పిచ్చితల్లి దండం పెట్టి వెళ్ళిపోయేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా, అబద్ధమెందుకు! కానీ పిల్ల వైపు చూశాక ఆ మాట బయటికి రాలేదు.

"అమ్మా, అది మూడు రోజుల పథ్యం. వచ్చి విడిపించడం నేను మర్చిపోయాను. తప్పు నాది" అన్నాడు తలవంచుకుని.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. చెంచమ్మ అతని మొహంకేసి చూసి, "అయితే సామీ," అంది మెల్లగా, "పుష్యంలో మా కంది చేలో ఇది పచ్చికాయ ఒలుచుకుని నోట్లో పెట్టుకుంటే, వేలు పెట్టి లాగేసి వీపు మీద కొట్టానే. ఆ రోజు దాన్ని తిననివ్వాల్సిందేనా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. తల్లి ఏడుపు చూసి పిల్ల కూడా రాగం తీసింది. కామేశానికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మందేమీ లేదురా," అన్నారు పంతులుగారు. "పెసరపప్పు కట్టుకుని ఆమె వెంట వెళ్ళు. నీ చేత్తో వండు."

అలా మొదలైంది. కోసెడు దూరం, పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం. పొట్టు తీసిన పెసరపప్పు నానబెట్టి, మెత్తగా ఉడికించి, పైన తేరిన కట్టు నాలుగు చెంచాలు పట్టాడు. అలవాటు తప్పిన కడుపాయె, రెండోనాడే ఉబ్బరించి పిల్ల ఒకటే ఏడుపు. చెంచమ్మ గిన్నె అవతలికి నెట్టి, "చూశారా? చూశారా?" అని అరిచింది. మునుపటి కామేశమైతే ఏ శ్లోకమో చదివి జారుకునేవాడే. ఇప్పుడు కట్టు సగానికి తగ్గించి, వేయించిన వాము చిటికెడు వేసి, పిల్ల కడుపు నిమురుతూ పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. వారానికి ఉబ్బరం సర్దుకుంది. కట్టు పోయి ముద్దపప్పు వచ్చింది, అన్నంలో మెత్తగా మెదిపి నెయ్యేసి పెట్టారు. తర్వాత పెసలు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండితో జావ. పిల్ల బుగ్గలకి కాస్త నునుపొచ్చింది, పొట్ట లోపలికి తగ్గింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం చెంచమ్మ పప్పన్నం కలుపుతోంది. కొండమ్మ ద్వారబంధం పట్టుకుని లేచింది. చెయ్యి వదిలేసింది. నాలుగడుగులు తూలుకుంటూ వచ్చి గిన్నె అంచు పట్టుకుని, "ఇంకా" అంది, ఒక్క ముద్ద కూడా తినకముందే!

"ఇంత ఆకలి ఎక్కడ దాచుకున్నావే నా తల్లీ!" అని చెంచమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ పూట తనూ పప్పన్నం తింది, ఎన్నో నెలల తర్వాత.

కామేశం ఇల్లు చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. గురువుగారి ఎదుట కూర్చుని, కొంచెం నిష్ఠూరంగానే అడిగాడు. "పప్పు ఎలా పెట్టాలో ఆ తల్లికి తమరు ఒక్క పూటలో చెప్పి పంపగలరు. నన్ను ఇన్నాళ్ళు ఎండలో తిప్పారెందుకు?"

పంతులుగారు శిష్యుడి దుమ్ముకొట్టుకుపోయిన పాదాలవైపు ఆప్యాయంగా చూశారు.

"వద్దని చెప్పడానికి ఈ అరుగు చాలు నాయనా. పెట్టమని చెప్పాలంటే ఆ గుమ్మం దాకా నడవాలి."