పాలపళ్ళు కోరిన ఎలుగుబంటి

అనగనగా ఒక అడవి. ఆ అడవినిండా నేరేడు చెట్లే. ఆ చెట్ల కింద గుబురయ్య అనే ఎలుగుబంటి, అతని కూతురు జున్ను ఉండేవారు. గుబురయ్య నవ్వితే ఏటి అవతలికి వినిపించేది. ఎలుగుబంటి కదా, ఎలుగెత్తే నవ్వేవాడు! ఆ నవ్వంటే జున్నుకు ప్రాణం.

అంత మంచివాడికీ ఒక బద్ధకం ఉంది. నేరేడు పళ్ళు తిన్నాక నోరు పుక్కిలించేవాడు కాదు. మీలో కొందరు తల దించుకుంటున్నారేం? నేనెవరి పేరూ చెప్పలేదే! ఏళ్ళు గడిచేసరికి గుబురయ్య పళ్ళకు నల్లటి గార కట్టింది. పళ్ళు తిని పళ్ళు పాడుచేసుకున్నాడన్నమాట.

ఒకరోజు కొమ్మమీది కొండముచ్చు అంది. "మామా, నోటినిండా నేరేడు పళ్ళు పెట్టుకుని నవ్వుతున్నావేం? ఓహో, అవి నీ పళ్ళేనా!"

చుట్టూ ఉన్న జంతువులన్నీ పకపకా నవ్వాయి. గుబురయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి నోరు తెరిచి నవ్వడం మానేశాడు.

అంతలో జున్నుకు మొదటి పన్ను ఊడింది. "నాన్నా, చూడు చూడు!" అంటూ పరుగెత్తుకొచ్చింది. గుబురయ్య పెదాలు బిగించి "ఊఁ" అన్నాడు. పాపం, జున్ను పుట్ట చాటుకు పోయి కూర్చుంది. "నాన్నకు నా మీద కోపం వచ్చింది. అందుకే నవ్వడం లేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ మాట విని గుబురయ్య గుండె తరుక్కుపోయింది. ఎలాగైనా పళ్ళు తెల్లబడాలి, వెంటనే తెల్లబడాలి అనుకున్నాడు.

"అదెంత పని మామా! ఇసుక వేసి గరుకు రాయితో తోమితే సరి. నాకో తేనెపట్టు ఇవ్వు చాలు" అంది కొండముచ్చు.

మొదటి రోజు తోమితే కాస్త తెల్లబడ్డాయి. రెండో రోజు తోమితే నీళ్ళు తాగినా జివ్వుమంది. మూడో రోజు ముందుపన్ను అంచు టక్కున విరిగింది. గుబురయ్య కుయ్యోమన్నాడు.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గదా మామా!" అంటూ కొండముచ్చు తేనెపట్టుతో చెట్టెక్కేసింది.

ఆ కేక విని టకటకమ్మ ఎగిరివచ్చింది. ఆమె వడ్రంగిపిట్ట. ఏనుగు దంతం దగ్గరనుంచి ఉడుత పన్ను దాకా అడవిలో అందరి పళ్ళూ చూసే వైద్యురాలు.

"అమ్మా, నువ్వే దిక్కు. నాకు పాలలాంటి పళ్ళు కావాలి. పాలపళ్ళు!" అన్నాడు గుబురయ్య.

టకటకమ్మ నవ్వింది. "పాలపళ్ళు నీకు ఎప్పుడో ఊడిపోయాయి నాయనా! ఇప్పుడు జున్నుకు ఊడుతున్నాయి. ముందు నోరు తెరువు."

ఆమె ఒక్కొక్క పన్నూ చూసింది. "రాయి నీ పళ్ళమీది పొరను గీకేసింది. పోయిన పొరను నేను తేలేను. ముందు గార తీస్తాను. నెల్లాళ్ళు పళ్ళకు విశ్రాంతి ఇద్దాం. ఆ తర్వాత తెల్లబరచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, చిగుళ్ళకు ఆకు కప్పి ఘాటైన మందు పూయడం. ఒక్క పూటలో అయిపోతుంది గానీ బాగా జివ్వుమంటుంది. రెండోది, నీ పళ్ళకు సరిపోయే దొప్ప కుట్టిస్తాను. అందులో తేలిక మందు వేసుకుని రోజుకు కాసేపు పెట్టుకోవాలి. పదిహేను రోజులు పడుతుంది. నీ పళ్ళకు ఇదే మంచిది."

"అప్పుడు పాలలా అవుతాయా అమ్మా?"

"అవవు. ఇప్పటికంటే చాలా నయంగా ఉంటాయి. జివ్వుమంటే ఒకరోజు మందు ఆపి నాకు చెప్పు. అన్నాళ్ళూ నేరేడు పళ్ళు ముట్టకు. తర్వాత తిన్నా పుక్కిలించు. లేకపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తావు."

గుబురయ్య తలూపాడు. గార తీయించుకుని, నెల్లాళ్ళు ఆగి, దొప్ప పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కళ్ళముందే నేరేడు పళ్ళు రాలుతున్నా ముట్టలేదు. జున్ను రోజూ దొప్ప కడిగి ఇచ్చేది.

పదహారో రోజున ఏటి నీళ్ళలో చూసుకున్నాడు. పళ్ళు పాలలా లేవు. లేత మొక్కజొన్న గింజల్లా ఉన్నాయి. ముందుపన్ను అంచు మాత్రం విరిగే ఉంది. అది చూసి పెదాలు బిగించబోయాడు.

పక్కనుంచి జున్ను నీళ్ళలోకి తొంగిచూసింది. "నాన్నా! నాకూ ఇక్కడే ఖాళీ, నీకూ ఇక్కడే ఖాళీ!" అంటూ బోసినోటితో కిలకిలా నవ్వింది. గుబురయ్యకు నవ్వాగలేదు. ఎన్నాళ్ళకో అతని నవ్వు ఏరు దాటింది. జున్ను అతని మెడకు చుట్టుకుపోయింది. "కోపం పోయిందా నాన్నా?" అని అడిగింది.

"కోపం ఎప్పుడూ లేదు తల్లీ. సిగ్గు ఉండేది" అన్నాడు గుబురయ్య.

తర్వాత ఇద్దరూ టకటకమ్మ చెట్టు కిందికి వెళ్ళారు. గుబురయ్య రెండు చేతులూ జోడించాడు. "నా కూతురికి నా నవ్వు తిరిగి ఇచ్చావమ్మా. నీ మేలు మరచిపోను" అన్నాడు.

మాట తప్పలేదు కూడా. ఆనాటినుంచి ఏ పుట్ట తవ్వినా మొదటి గుప్పెడు చెదలు టకటకమ్మకే పెట్టేవాడు. తను తిన్నాక పుక్కిలించడం కూడా మరచిపోలేదు.

నీతి: పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైనా చాలు, పోయిన నవ్వు తిరిగి రావాలంటే పని తెలిసినవారు, వారి మాట వినే ఓపిక, వారి మేలు మరవని మనసు ఉండాలి.